ఒలింపిక్స్, ప్రపంచకప్పుల్లో ఆటగాళ్లు నిరసన తెలపొచ్చా? ఒక పిల్ల అడిగింది, నాకు జవాబు రాలేదు

నాలుగో లేన్
నేను అథ్లెటిక్స్ కోచ్‌ని. మా జిమ్ గోడ మీద ఓ పాత ఫోటో ఉంది. 1968 మెక్సికో సిటీ, 200 మీటర్ల పోడియం. టామీ స్మిత్, జాన్ కార్లోస్ నల్ల గ్లవ్ తొడిగిన పిడికిలి పైకెత్తి, తల దించుకుని నిలబడిన ఫోటో. మీరూ చూసే ఉంటారు. ఏళ్ల తరబడి రోజూ దాని ముందు నుంచే తిరుగుతున్నా, దాని గురించి ఆలోచించి చాలాకాలమైంది.

మొన్న స్ట్రెచింగ్ చేస్తూ ఒకమ్మాయి అడిగింది. "సార్, ముందు నిలబడ్డ ఆ తెల్లాయన చెయ్యి ఎందుకు ఎత్తలేదు?" నాకు తెలిసింది చెప్పాను. ఆ వెంటనే రెండో ప్రశ్న. "మరి నాకు అలాంటి చోటు దొరికితే ఎత్తొచ్చా?" ముందు కాళ్లు చాపమ్మా అని తప్పించుకున్నా.

నిజాయితీగా చెప్పాలంటే నా మనసు వద్దనే అంటుంది. పోడియం ఒక్కరిది కాదు, ముగ్గురిది. పక్కన నిలబడ్డవాడు కూడా పది పన్నెండేళ్లు చెమటోడ్చే అక్కడికొచ్చాడు. ఆ రెండు నిమిషాలు మనం లాగేసుకుంటే ఎలా? ఒలింపిక్ చార్టర్ రూల్ 50 చెప్పేదీ దాదాపు ఇదే. వేదికల దగ్గర రాజకీయ, మత, జాతి ప్రచారాలు వద్దంటుంది. ప్రెస్‌మీట్‌లో మాట్లాడొచ్చు, సోషల్ మీడియాలో రాసుకోవచ్చు. 2021లో ఇంకొంచెం సడలించి, పోటీ మొదలయ్యేలోపు మైదానంలో కూడా సంకేతంగా ఏదైనా చేసుకోవచ్చన్నారు. పోడియం మీద, జాతీయగీతం వేళ మాత్రం ఒప్పుకోరు. నాకిది సబబుగానే అనిపిస్తుంది. మీరేమంటారు?

ఆఖరి ఓవర్
ఆటని ఆటగా చూడనివ్వండి బాబూ. పొద్దంతా తలనొప్పులు పడి సాయంత్రం టీవీ పెట్టేది ఇంకో తలనొప్పి కోసం కాదు.

మిడ్‌వికెట్ మంగ
ఆఖరి ఓవర్ గారూ, మీ సాయంత్రం కోసమేనా వాళ్లు పుట్టింది?

కోచ్ గారికి నా మాట ఇది. ఆటలో రాజకీయం లేని రోజు ఎప్పుడుందండీ? ఆటగాడు గెలిస్తే ఎగిరేది దేశం జెండా, మోగేది దేశం గీతం. పేపర్లో పతకాల పట్టిక దేశాల వారీగా వేస్తారు. 1980లో అమెరికా మాస్కోకి వెళ్లలేదు, 1984లో సోవియట్ వాళ్లు లాస్ ఏంజెలెస్‌కి రాలేదు. ఆ రెండుసార్లూ ఆటగాళ్లని అడిగి చేశారా? 1974లో మన టెన్నిస్ జట్టు డేవిస్ కప్ ఫైనల్‌కి చేరింది. ఎదురుగా దక్షిణాఫ్రికా. వర్ణవివక్ష దేశంతో ఆడేది లేదని మన ప్రభుత్వం అంది, కప్పు ఆడకుండానే వాళ్లకి పోయింది. ఆ నిర్ణయం సరైనదే అని ఈరోజు మనమంతా గర్వంగా చెప్పుకుంటాం. కానీ కప్పు పోగొట్టుకున్నది అమృత్‌రాజ్ సోదరులు, వాళ్ల జట్టు.

ప్రభుత్వం చేస్తే విదేశాంగ విధానం. అదే ఆటగాడు చేస్తే "ఆటలోకి రాజకీయం తెచ్చాడు". ఇదెక్కడి లెక్క?

చరిత్ర పేజీ
ఆ ఫోటో గురించి నాలుగు ముక్కలు చెప్తా, ఎందుకంటే దాని చుట్టూ కట్టుకథలు చాలా ఉన్నాయి.

ఒకటి, వాళ్ల పతకాలు లాక్కోలేదు. ఈ మాట ఏటా ఎవరో ఒకరు షేర్ చేస్తూనే ఉంటారు. జరిగింది ఏమిటంటే, అప్పటి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) అధ్యక్షుడు ఏవరీ బ్రండేజ్ ఒత్తిడి మీద అమెరికా కమిటీ వాళ్లిద్దరినీ జట్టు నుంచి సస్పెండ్ చేసి, ఒలింపిక్ విలేజ్ నుంచి పంపేసింది. ఈ బ్రండేజే 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌ని బహిష్కరించాలన్నవాళ్లతో పోరాడి, అమెరికా జట్టు అక్కడికి వెళ్లేలా చేసిన మనిషి. అప్పుడూ ఆయన మాట అదే, ఆట వేరు రాజకీయం వేరు.

స్మిత్ కుడి చెయ్యి, కార్లోస్ ఎడమ చెయ్యి ఎత్తడంలో పెద్ద సిద్ధాంతం ఏమీ లేదు. కార్లోస్ తన గ్లవ్స్ తేవడం మర్చిపోయాడు. ఉన్న జతలో చెరొకటి తొడుక్కోండి అని సలహా ఇచ్చినది ఆ "చెయ్యెత్తని తెల్లాయనే". పీటర్ నార్మన్, ఆస్ట్రేలియా, రజతం, 20.06 సెకన్లు. స్మిత్, కార్లోస్ కాళ్లకి బూట్లు లేకుండా నల్ల సాక్సులతో నిలబడ్డది నల్లజాతి పేదరికానికి గుర్తుగా.

ఇంకోటి, నార్మన్ ఊరికే నిలబడలేదు. ముగ్గురి ఛాతీ మీదా ఒకే బ్యాడ్జ్ ఉంటుంది, జాతి వివక్ష మీద పోరాడిన ‘ఒలింపిక్ ప్రాజెక్ట్ ఫర్ హ్యూమన్ రైట్స్’ సంస్థది. ఒక అమెరికన్ రోయర్ దగ్గర అడిగి తీసుకుని పెట్టుకున్నాడు. ఆ తర్వాత సొంత దేశంలో ఆయన్ని పక్కన పెట్టారన్నది చాలామంది మాట, అక్కడి ఒలింపిక్ కమిటీ దాన్ని ఒప్పుకోదు. కానీ 2012లో ఆస్ట్రేలియా పార్లమెంటు ఆయనకి క్షమాపణ చెప్పింది. అప్పటికి ఆయన పోయి ఆరేళ్లు. 2006లో ఆయన శవపేటిక మోసినవాళ్లలో స్మిత్, కార్లోస్ ఇద్దరూ ఉన్నారు.

ఆఖరి ఓవర్
గ్లవ్ మర్చిపోయాడా! ఇన్నాళ్లూ దాని మీద మా ఫ్రెండు ఒకడు అరగంట లెక్చర్ ఇచ్చేవాడు 😀

నాలుగో లేన్
చరిత్ర పేజీ గారూ, బ్యాడ్జ్ సంగతి నాకు సరిగ్గా తెలియదు. థాంక్సండీ.

కానీ నా అనుమానం ఇంకా గట్టిపడింది. నార్మన్ ఒప్పుకున్నాడు కాబట్టి అది అందమైన కథ అయింది. పక్కవాడు ఒప్పుకోకపోతే? 2022 మార్చిలో దోహాలో జిమ్నాస్టిక్స్ ప్రపంచకప్. ప్యారలల్ బార్స్‌లో స్వర్ణం ఉక్రెయిన్ కుర్రాడు ఇలియా కోవ్‌తున్‌ది. కాంస్యం రష్యా కుర్రాడు ఇవాన్ కులియాక్‌ది. యుద్ధం మొదలై రెండు వారాలు కూడా కాలేదు. కులియాక్ ఛాతీ మీద ‘జెడ్’ అక్షరం అంటించుకుని పోడియం ఎక్కాడు, రష్యా ట్యాంకుల మీద ఉన్న అదే అక్షరం. దేశం మీద బాంబులు పడుతుంటే, ఆ పిల్లాడు స్వర్ణం మెడలో వేసుకుని దాని పక్కన నిలబడాలి.

కులియాక్ మీద ఏడాది నిషేధం వేశారు, మంచిదే. కానీ అతన్ని ఆపిన రూలే 1968 పిడికిలినీ ఆపుతుంది. ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేసే రూలు ఎవరైనా రాసి చూపించండి. నేను రాయలేకపోయాను.

సైడ్ అంపైర్
రూలు రాయడం కష్టం, ఒప్పుకుంటా. కానీ ఉన్న రూలు అందరికీ ఒకేలా వాడుతున్నారా అన్నదే నా బాధ. క్రికెట్ తీసుకోండి.

2014 సౌతాంప్టన్ టెస్టులో ఇంగ్లండ్ ఆటగాడు మొయిన్ అలీ గాజా కోసం రిస్ట్‌బ్యాండ్లు కట్టుకున్నాడు. ఐసీసీ వద్దంది. 2019 మార్చిలో రాంచీ వన్డేకి మన జట్టు సైనిక టోపీలతో దిగింది. పుల్వామా అమరుల కుటుంబాల కోసం విరాళాలు అన్నారు, ఐసీసీ అనుమతి ఇచ్చింది. అదే ఏడాది ప్రపంచకప్‌లో ధోనీ కీపింగ్ గ్లవ్స్ మీద పారా రెజిమెంట్ ‘బలిదాన్’ గుర్తు. తీసేయమంది. 2023 డిసెంబర్‌లో పెర్త్ టెస్టుకి ఆస్ట్రేలియా ఆటగాడు ఉస్మాన్ ఖవాజా షూ మీద "అన్ని ప్రాణాలూ సమానమే" అని రాసుకున్నాడు. అదీ వద్దంది. పాపం ఆయన ఆ అక్షరాల మీద టేపు అంటించుకుని, చేతికి నల్ల బ్యాండ్ కట్టుకుని ఆడాడు. ఆ బ్యాండ్‌కి మళ్లీ మందలింపు! సొంతవాళ్ల మరణానికి కట్టుకున్నానని ఆయన అంటున్నా వినలేదు. తర్వాతి మ్యాచ్ బాక్సింగ్ డే టెస్టుకి షూ మీద కూతుళ్ల పేర్లు రాసుకుని దిగాడు. దాన్నెవరు కాదంటారు?

సరే, ఐసీసీని వదిలేయండి, మన సంగతి చూద్దాం. 2019లో "ధోనీ గ్లవ్ ఉంచుకో" అని ప్రొఫైల్ ఫోటోలు మార్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లలో ఎంతమంది ఖవాజా షూ విషయంలో అదే మాట అన్నారు? నేను అనలేదు. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నా. మనకి నచ్చితే అభిమానం, నచ్చకపోతే రాజకీయం.

ఫ్రీ హిట్
ధోనీ విషయం వేరు సోదరా. అది సైన్యం గుర్తు, దానికి రాజకీయం అంటగట్టొద్దు.

సైడ్ అంపైర్
@ఫ్రీ హిట్ నేను చెప్పింది ఇదే బ్రో 🙂

మోడరేటర్
ఈ మధ్యలో రెండు పోస్టులు తీసేశాం. ఆటగాళ్ల మతం మీద వ్యాఖ్యలు చేస్తే ఈసారి ఖాతానే పోతుంది. విషయం మీద మాట్లాడండి.

లెక్కల టీచర్
టాపిక్‌లోకి వస్తే, ఐఓసీ అథ్లెట్స్ కమిషన్ ఈ ప్రశ్ననే ఆటగాళ్లని అడిగింది. 185 దేశాల కమిటీల నుంచి 3,500 మందికి పైగా జవాబిచ్చారు, ఫలితం 2021లో వచ్చింది. పోడియం మీద నిరసన తగదన్నవాళ్లు 67 శాతం. మైదానంలో, అధికారిక వేడుకల్లో వద్దన్నవాళ్లు 70 శాతం. అంటే మనం ఎవరి తరఫున వాదిస్తున్నామో వాళ్లే వద్దంటున్నారు.

మిడ్‌వికెట్ మంగ
టీచర్ గారూ, లెక్క సరే, కానీ ఇది ఓట్లేసి తేల్చే విషయమా? గొంతు పట్టుకున్నది ఒకడికైతే, "మీకు ఊపిరి ఆడుతోందా" అని ఊరంతా సర్వే చేస్తే తొంభై మంది బ్రహ్మాండంగా ఆడుతోందనే అంటారు. నిరసన అవసరం పడేది ఎప్పుడూ తక్కువమందికే.

లెక్కల టీచర్
బాగా చెప్పారు. కానీ ఆ 67 శాతంలో కూడా పేదవాళ్లు, అణగారినవాళ్లు ఉండే ఉంటారు కదా. తన జీవితంలో ఒక్కసారి వచ్చే రెండు నిమిషాలు తనకే కావాలనుకోవడం స్వార్థమా? దాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి.

రిలే బ్యాటన్
చాలాకాలంగా చదవడమే తప్ప రాయను. ఈ థ్రెడ్ చూశాక ఉండబట్టలేదు.

ఒకప్పుడు నేను 4x400 రిలేలో రెండో లెగ్ పరిగెత్తేదాన్ని. ఒక యూనివర్సిటీల మీట్‌లో (పేర్లు వద్దు) ఆడపిల్లలకి బట్టలు మార్చుకునే గది లేదు. మూడు రోజులు బస్సు వెనక, ఒకరు మార్చుకుంటుంటే ఇద్దరు తువ్వాళ్లు పట్టుకుని నిలబడేవాళ్లం. చెప్పాం, రాసిచ్చాం. "ఈసారికి సర్దుకోండమ్మా" అన్నారు. ఫైనల్ రోజు నలుగురం చేతికి నల్ల రిబ్బన్ కట్టుకుని ట్రాక్ మీదకి వెళ్లాం.

కాల్‌రూమ్ (పోటీకి ముందు ఆటగాళ్లని సరిచూసి పంపే గది) దగ్గర ఒకాయన కత్తెర పట్టుకుని వచ్చాడు. చెయ్యి చాపు అన్నాడు. నా రిబ్బన్ కత్తిరిస్తుంటే ఆ కత్తెర చల్లదనం మణికట్టుకి తగిలింది. ఇప్పటికీ గుర్తుంది నాకు. మా నాలుగో అమ్మాయి మాత్రం తన రిబ్బన్ విప్పి సాక్స్‌లోకి తోసేసింది. అలాగే పరిగెత్తింది.

నాలుగో స్థానం వచ్చాం. "రిబ్బన్ల గొడవలో పడి పతకం పోగొట్టుకున్నారు" అని మా కోచ్‌తో సహా అందరూ అన్నారు. నిజం చెప్తున్నా, అది రిబ్బన్ వల్ల కాదు. నేను మూడో అమ్మాయికి బ్యాటన్ ఇచ్చేటప్పుడు ఆలస్యం చేశాను. రిబ్బన్ లేకపోయినా చేసేదాన్నేమో, ఆ సీజన్ అంతా నా ఎక్స్‌ఛేంజ్‌లు అలాగే ఏడ్చాయి. కానీ నిరసన తెలిపినవాళ్లకి మామూలుగా ఓడిపోయే హక్కు కూడా ఉండదు అని ఆరోజు అర్థమైంది.

మరుసటి ఏడాది గుడ్డతో ఒక డేరా కట్టారు, లోపల రెండు కుర్చీలు. మా వల్లే అని చెప్పను. ఎవరో తల్లిదండ్రులు కూడా ఉత్తరం పెట్టారట.

నాలుగో లేన్
బ్యాటన్ గారూ... ఆ కత్తెర పట్టుకున్నాయన స్థానంలో నేనున్నాను చాలాసార్లు. కత్తెర కాదు గానీ "తీసేయమ్మా, గొడవెందుకు" అనే మాట నాదే. ఇంక రాయలేను ఇప్పుడు. మళ్లీ వస్తా.

గోల్ కిక్
బ్యాటన్ గారి కథకి దగ్గరగా ఒకటి ఉంది. 2021లో నార్వే మహిళల బీచ్ హ్యాండ్‌బాల్ జట్టు. రూలు ప్రకారం బికినీ బాటమ్ వేసుకోవాలి, మగవాళ్లకేమో షార్ట్స్. యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో వీళ్లు కూడా షార్ట్స్ వేసుకుని దిగారు. 1,500 యూరోల జరిమానా పడింది. ఆ జరిమానాతోనే ప్రపంచమంతా తిట్టిపోసింది, అదే ఏడాది రూలు మార్చారు. అదే ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే ఇంకో ఇరవై ఏళ్లు పట్టేది.

నా లెక్కలో ఆటలోని అన్యాయం మీద ఆటలోనే నిరసన తెలిపితే ఎవరూ నోరెత్తకూడదు. మైదానం వాళ్ల పనిచేసే చోటు. ప్రపంచ సమస్యల దగ్గరికి వచ్చేసరికి నాకూ కొంచెం తటపటాయింపు ఉంది.

ఆఖరి ఓవర్
గోల్ కిక్ చెప్పింది ఒప్పుకుంటా. నా గోల వేరు. ఇది ఫ్యాషన్ అయిపోయింది. జాతి వివక్షకి నిరసనగా అందరూ మోకాలి మీద కూర్చోవాల్సిందే అంటే అది నిరసన ఎలా అవుతుంది, డ్రిల్లు అవుతుంది గానీ? 2021 టీ20 ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా బోర్డు మ్యాచ్ రోజు పొద్దున అందరూ కూర్చోండి అని ఆర్డరు వేసింది. వాళ్ల వికెట్‌కీపర్ డికాక్ ఆడనని తప్పుకున్నాడు. లోకమంతా అతన్ని జాత్యహంకారి అంది. తర్వాత అతను క్షమాపణ చెప్పి, తన సవతి తల్లి నల్లజాతి మనిషి, తన చెల్లెళ్లు కలర్డ్ (అక్కడ మిశ్రమ జాతివాళ్లని అలా అంటారు) అని చెప్పుకోవాల్సి వచ్చింది. మాట్లాడే హక్కు ఉంటే, మాట్లాడకుండా ఉండే హక్కు ఉండదా?

మిడ్‌వికెట్ మంగ
ఈసారి మీతో ఏకీభవిస్తున్నా ఆఖరి ఓవర్ గారూ. రాసి పెట్టుకోండి, మళ్లీ దొరకదు.

చరిత్ర పేజీ
ఫ్యాషన్ అన్నారు కాబట్టి ఒకే రోజు జరిగిన రెండు సంగతులు చెప్తా. 2022 నవంబర్ 21, ఖతార్ ఫుట్‌బాల్ ప్రపంచకప్, ఇంగ్లండ్-ఇరాన్ మ్యాచ్.

ఇంగ్లండ్‌తో కలిపి ఏడు యూరప్ జట్ల కెప్టెన్లు స్వలింగ సంపర్కులు సహా అందరినీ సమానంగా చూడాలనే ‘వన్ లవ్’ బ్యాండ్ కట్టుకుంటామని ముందే ప్రకటించారు. కట్టుకుంటే ఎల్లో కార్డు అని ఫిఫా బెదిరించింది. అంతే, ఏడుగురూ ఆ రోజే మానేశారు. అటువైపు ఇరాన్ జట్టు. వాళ్ల దేశంలో పోలీసుల అదుపులో మహ్సా అమినీ అనే యువతి మరణించిన తర్వాత వీధుల్లో జనం మీద కాల్పులు జరుగుతున్నాయి. జాతీయగీతం మోగుతుంటే పదకొండుమందీ పెదవి కదపలేదు. స్టాండ్స్‌లో ఇరాన్ అభిమానుల్లో ఏడ్చినవాళ్లున్నారు. రెండో మ్యాచ్‌లో మాత్రం పాడారు. ఎందుకు పాడారో మనం ఊహించుకోవలసిందే. ఇంగ్లండ్‌తో 6-2తో ఓడిన మ్యాచ్ ఆ మొదటిది, కానీ స్కోరు ఎవరికి గుర్తుంది?

ఫ్యాషన్‌కీ దీనికీ తేడా ఎక్కడుందంటే, పోయేది ఏమిటన్నదాంట్లో ఉంది. రియో 2016 మారథాన్. ఇథియోపియా రన్నర్ ఫెయీసా లిలేసా 42 కిలోమీటర్లు పరిగెత్తి, రెండో స్థానంలో గీత దాటుతూ తల పైన మణికట్లు అడ్డంగా కలిపి పట్టుకున్నాడు. ప్రభుత్వ అణచివేత మీద అక్కడి ఒరోమో జాతి ప్రజల నిరసన గుర్తు అది. ఆ స్థితిలో మామూలు మనిషికి చేతులు పైకి లేవవు. అటునుంచి అటే ఇంటికి వెళ్లలేదు. వెళ్తే చంపేస్తారనో జైల్లో పెడతారనో భయం. భార్యాపిల్లలు అక్కడ, ఆయన ఇంకోచోట. కొన్ని నెలలకి వాళ్లు అమెరికాలో ఆయన్ని చేరారు. ప్రభుత్వం మారాక, 2018 అక్టోబర్‌లో గానీ సొంత నేల తొక్కలేదు.

2003 క్రికెట్ ప్రపంచకప్‌లో "ప్రజాస్వామ్యం చచ్చిపోయింది" అంటూ నల్లబ్యాండ్లు కట్టిన జింబాబ్వే ఆటగాళ్లు ఆండీ ఫ్లవర్, హెన్రీ ఒలోంగా కథ కూడా ఇంతే. హరారేలో, సొంత గడ్డ మీద కట్టారు. ఒలోంగాకి అప్పుడు 26 ఏళ్లు. ఆ టోర్నీతో అతని అంతర్జాతీయ కెరీర్ ముగిసింది, దేశం వదిలి పారిపోవాల్సి వచ్చింది.

ఫ్రీ హిట్
ఒలోంగా అంటే షార్జాలో సచిన్ ఉతికి ఆరేసిన బౌలరేనా? నాకు ఇన్నాళ్లూ అదొక్కటే తెలుసు.

చరిత్ర పేజీ
ఆయనే. ముందు మ్యాచ్‌లో సచిన్‌ని అవుట్ చేసింది కూడా ఆయనే.

గోల్ కిక్
తెలివిగా చేసినవాళ్లూ ఉన్నారు. 2020 యూఎస్ ఓపెన్ టెన్నిస్‌లో నవోమీ ఒసాకా ఏడు మాస్కులు తెచ్చుకుంది. ఒక్కోదాని మీద పోలీసుల చేతుల్లోనో జాతి విద్వేషానికో బలైన ఒక్కో నల్లజాతి మనిషి పేరు. మ్యాచ్‌కొక మాస్కు. ఏడో పేరు లోకం చూడాలంటే ఫైనల్ దాకా గెలుస్తూ పోవాలి. పోయింది, ఫైనల్‌కి తమీర్ రైస్ పేరు పెట్టుకుని వచ్చింది, కప్పు కూడా గెలిచింది. తమీర్‌కి పన్నెండేళ్లు. ఎవరి పోడియం దోచుకుంది? ఎదుటివాళ్ల ఆట ఎక్కడ చెడింది?

లెక్కల టీచర్
అక్కడ నిర్వాహకులు ఒప్పుకున్నారు కదా, అదీ తేడా. పారిస్ 2024లో శరణార్థుల జట్టు తరఫున వచ్చిన బ్రేకింగ్ డ్యాన్సర్ మనీజా తలాష్ "అఫ్గాన్ మహిళలకి స్వేచ్ఛ" అని రాసిన కేప్ వేసుకుంటే డిస్‌క్వాలిఫై చేశారు. ఆడపిల్ల డ్యాన్స్ చేస్తే నేరమయ్యే చోటు నుంచి వచ్చిన పిల్ల. ఆమె అక్కడ డ్యాన్స్ చెయ్యడమే రాజకీయం అయినప్పుడు, కేప్ తీసేసి డ్యాన్స్ మాత్రం చెయ్యమనడం... 67 శాతం గురించి రాసింది నేనే, కానీ ఈ ఒక్క కేసులో నా దగ్గర జవాబు లేదు.

నాలుగో లేన్
వచ్చాను. రెండు రోజులు పట్టింది, క్షమించండి.

మనసు పూర్తిగా మారలేదు. కోవ్‌తున్ పక్కన ఆ జెడ్ అక్షరం ఇంకా కళ్ల ముందే ఉంది. రూలు ఉండాలనే అంటాను. అయితే రూలు తప్పినవాళ్లకి శిక్ష ఎంతన్నది వేరే ప్రశ్న అని ఇప్పుడనిపిస్తోంది. పతకాన్ని ముట్టుకోకుండా, మందలించి వదిలేసే తప్పులు కొన్ని ఉండొచ్చు. కొన్నింటిని ఆ మందలింపు కూడా లేకుండా చూసీ చూడనట్టు వదిలేయొచ్చు. ఎవరు తేలుస్తారు అంటే మళ్లీ సైడ్ అంపైర్ గారి దగ్గరికే వస్తాం, తెలుసు.

నిన్న ఆ అమ్మాయిని ఫోటో దగ్గరికి తీసుకెళ్లాను. చేతుల సంగతి కాదమ్మా, ఆయన ఛాతీ చూడు, బ్యాడ్జ్ ఉంటుంది అన్నాను. వెతికింది. "ఏది సార్?" అంది. చూస్తే, ఎప్పుడో నేనే హాజరు పట్టిక అంటించాను అక్కడ. సరిగ్గా నార్మన్ భుజం నుంచి కిందకి. ఇన్నేళ్లుగా ఆయన తల ఒక్కటే కనిపిస్తోంది మా వాళ్లకి. పీకితే కాగితంతో పాటు ఫోటో కూడా చిరిగింది.

ఎవరి దగ్గరైనా పెద్ద సైజు ప్రింట్‌కి పనికొచ్చే కాపీ ఉంటే పంపగలరా?

చరిత్ర పేజీ
పంపాను, ఇన్‌బాక్స్ చూసుకోండి. బ్యాడ్జ్ మీద అక్షరాలు కూడా కనిపిస్తాయి.

రిలే బ్యాటన్
ఆ పట్టిక ఈసారి తలుపు మీద అంటించండి మాస్టారూ.